వెల్ష్ దొర రాసిపెట్టిన మనవాళ్ళ కథ

కబుర్లంటే కుంపటి ఉండాలి, చుట్టూ నలుగురూ ముడుచుకుని కూర్చోవాలి. మా కోవిల్‌పట్టిలో కుంపటి ముట్టిస్తే, ఎవరికో ఒంట్లో బాగాలేదనుకుని ఇరుగుపొరుగు వాళ్ళు పలకరింపుకు వస్తారు. మార్గశిరమాసం తెల్లవారుజామున కూడా ఇక్కడ భుజాన ఒక తువ్వాలు వేసుకుంటే చాలు. కాబట్టి కుంపటిని మీరే ఊహించుకోండి. పళ్ళెంలో ఉన్న వేరుశనగ పాకం అచ్చులు మాత్రం నిజమైనవే. ఇక్కడ వీటిని కడలై మిఠాయి అంటారు. 2020లో మా ఊరి మిఠాయికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒకటి నోట్లో వేసుకోండి, కథ కాస్త పొడుగు.

ఇవాళ చెప్పబోయేది ఒక జనరల్ గారి సంగతి. పేరు జేమ్స్ వెల్ష్. ఆంగ్లేయుడు, ఈస్టిండియా కంపెనీ వారి మద్రాసు సైన్యంలో పనిచేసినవాడు. ఇదేం చోద్యం, మన కబుర్లలోకి కంపెనీ దొర ఎందుకని మీరు ముఖం చిట్లించొచ్చు. ఎందుకంటే, మన తెలుగువాడొకణ్ణి గురించి, ఈ నేల మీద పుట్టి ఈ నేల మీదే ఉరికంబమెక్కిన ఒక బక్కపలచని కుర్రాణ్ణి గురించి నాలుగు ముక్కలు తెలుసుకుందామంటే, చివరికి ఈ దొర పుస్తకమే తెరవాల్సి వస్తోంది. అది మన అదృష్టమో దురదృష్టమో కథంతా విన్నాక మీరే చెప్పండి.

ముందు ఊరి సంగతి రెండు మాటలు. కోవిల్‌పట్టి తూత్తుకుడి జిల్లాలో ఉంది. కాస్త ఉత్తరానికి పోతే విరుదునగర్ జిల్లా. రెండు చోట్లా నల్లరేగడే. పత్తి, సజ్జ, మినుములు పండే మెట్టనేల. ఈ నేలలో తెలుగిళ్ళు కొన్ని వందల ఏళ్ళుగా ఉన్నాయి. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. తమిళంలో అంత పేరున్న కథకుడు కి. రాజనారాయణన్‌ది మా పక్కనే ఇడైసెవల్. ఆయన ఇంటి భాష తెలుగే. ఇక్కడికి వలసవచ్చి అడవి కొట్టి ఊరు కట్టుకున్న తెలుగువాళ్ళ కథను ఆయన ‘గోపల్ల గ్రామం’ అనే నవలగా తమిళంలో రాశాడు.

పాంచాలంకురిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన అలాంటి తెలుగింటివాడే. మన పెద్దవాళ్ళకు ‘వీరపాండ్య కట్టబ్రహ్మన’ అనే డబ్బింగు సినిమాగా, శివాజీ గణేశన్ గర్జనగా గుర్తుండే ఉంటాడు. అతనికి పక్కలో బల్లెంలా ఉన్న ఎట్టయపురం పాళెగాడూ తెలుగింటివాడే. రెండు కోటల్లోనూ ఇంట్లో మాట్లాడే మాట ఒకటే, ఒకరికొకరు మాత్రం ఉప్పూ నిప్పూ. తగువులాడుకోవడానికి భాష అడ్డం రాదని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదనుకోండి.

ఇక మన దొరగారి దగ్గరికి వద్దాం. వెల్ష్ 1775లో పుట్టాడు. పదిహేనేళ్ళకు కంపెనీ కొలువు దొరికింది. 1791లో మద్రాసులో దిగాడు. ఇరవై ఏళ్ళ వయసులో, 1795 ప్రాంతంలో, మదురైలో ఉండగా అతనికి ఇద్దరు పెద్దమనుషులతో స్నేహం కలిసింది. శివగంగ సీమను నడిపిస్తున్న మరుదు సోదరులు వాళ్ళు, పెద్ద మరుదు, చిన్న మరుదు. వీళ్ళు తమిళులు. పుట్టింది నరికుడి దగ్గర. అది ఇప్పుడు విరుదునగర్ జిల్లాలో ఉంది. విరుదునగర్ అనగానే ఎవరికైనా కామరాజర్ గుర్తొస్తారు, భోజనప్రియులకైతే నూనెలో కరకరలాడేట్టు వేయించిన పరోటా గుర్తొస్తుంది. 1923 దాకా ఆ ఊరు విరుదుపట్టి. ఈసారి ఆ ఊరివైపు వెళ్తే ఈ అన్నదమ్ముల్ని కూడా ఒకసారి తలుచుకోండి.

పెద్ద మరుదుకు పాలన మీద ధ్యాస తక్కువ, వేట మీద ఎక్కువ. ఆజానుబాహువు. రూపాయి బిళ్ళను వేళ్ళతోనే వంచేసేంత బలం ఉండేదని వెల్ష్ రాశాడు. ఆనాటి రూపాయి ఇప్పటి రేకు బిళ్ళలాంటిది కాదు, వెండిది, దళసరిది. రాజ్యం చూసుకున్నది చిన్న మరుదు. శిరువయల్ అనే ఊళ్ళో ఉండేవాడు. నల్లనివాడు, నిండైన మనిషి, నవ్వుముఖం. ఇంటి ముందు ఒక్క కాపలావాడు కూడా ఉండేవాడు కాదట, ఎవరు పడితే వాళ్ళు లోపలికి వెళ్ళి కష్టం చెప్పుకోవచ్చట. మదురైలో ఉన్న ఈ కుర్ర దొర కోసం సన్నబియ్యం, పళ్ళు పంపేవాడు. ఈటె విసరడం నేర్పాడు. వళరి విసరడమూ నేర్పాడు.

వళరి సంగతి కొంచెం చెప్పాలి. వంకీ తిరిగిన కర్ర, ఒక కొస సన్నం, రెండోది బరువు. సన్నకొస పట్టుకుని గిరగిరా తిప్పి వదిలితే పరుగెత్తే లేడి కాలికి తగిలి పడగొట్టేస్తుంది. చేయి తిరిగినవాడు నూరు గజాల లోపల గురి తప్పడని వెల్ష్ లెక్క. తెల్లవాళ్ళకు అది బొత్తిగా కొత్త ఆయుధం. చిన్న మరుదు పక్కన నిలబడి, చెయ్యి పట్టుకుని నేర్పి ఉంటాడు. ఆరేళ్ళు తిరక్కుండానే ఈ కుర్రాడే తనను అడవిలో తరుముతాడని అతనికేం తెలుసు?

ఆ ఆరేళ్ళలో కథ చాలా ముదిరింది. ఈ సీమ పాళెగాళ్ళ దగ్గర కిస్తు వసూలు చేసే హక్కు అప్పటికే ఆర్కాటు నవాబు చేతినుంచి కంపెనీ చేతికి పోయింది. కిస్తు బాకీల పేరిట కలెక్టరు జాక్సన్ కట్టబొమ్మనను ఊరూరా తిప్పించి, 1798 సెప్టెంబరులో రామనాథపురంలో కలిశాడు. అక్కడ గొడవై రక్తం కారింది. మరుసటి ఏడు శ్రీరంగపట్నంలో టిప్పు పడిపోయాక కంపెనీకి చెయ్యి ఖాళీ అయింది. మేజర్ బానర్‌మన్ సైన్యంతో పాంచాలంకురిచ్చి మీదికి వచ్చాడు. కట్టబొమ్మన కోట విడిచి పుదుక్కోట్టై అడవుల్లోకి వెళ్ళాడు, అక్కడి తొండైమాన్ రాజు పట్టి అప్పగించాడు. 1799 అక్టోబరు 16న, మాకు దక్షిణాన ఉన్న కయత్తారులో, మిగతా పాళెగాళ్ళందరినీ రప్పించి వాళ్ళ కళ్ళముందే చింతచెట్టుకు ఉరితీశారు.

ఉరికంబం దగ్గరికి నడుస్తున్నప్పుడు అతని ముఖంలో బెదురు లేదని, తన మూగ తమ్ముడి గురించి ఒక్కటే బెంగ కనబడిందని, చెట్టు కిందికి వచ్చాక కోట వదలకుండా అక్కడే పోరాడి చచ్చి ఉంటే బాగుండేదని వాపోయాడని బానర్‌మనే పైవాళ్ళకు రాసిన ఉత్తరంలో చెప్పాడు. చూశారా, ఇక్కడా అంతే. మనవాడి చివరి మాటలు మనకు చేరింది ఉరితీసినవాడి ఉత్తరంలోనే.

ఇప్పుడు కయత్తారులో పెద్ద రోడ్డు పక్కన కట్టబొమ్మన విగ్రహం ఉంది. 1970లో శివాజీ గణేశన్ తన సొంత డబ్బుతో స్థలం కొని పెట్టించింది. సినిమాలో వేసిన వేషానికి అలా అప్పు తీర్చుకున్న నటులు ఎంతమంది ఉంటారు చెప్పండి?

ఆ మూగ తమ్ముడి దగ్గరికి వచ్చాం. అతని అసలు పేరు కుమారస్వామి. జనం ఊమైదొర అన్నారు. అన్నను ఉరితీశాక అతన్నీ, మిగిలిన బంధువుల్నీ పాళయంకోట్టై కోటలో బేడీలు వేసి పెట్టారు. పదహారు నెలలు గడిచాయి. 1801 ఫిబ్రవరి 2 సాయంత్రం, అక్కడి సేనాధిపతి మేజర్ మెకాలే ఇంట్లో దొరలూ దొరసానులూ విందులో ఉన్నారు. వెల్ష్ ఆ బల్ల ముందే ఉన్నాడు. మనకు ఇంగ్లీషు చదువు పెట్టిన మెకాలే ఉన్నాడే, అతనికి ఈయన సొంత పెదనాన్న. వీళ్ళు అలా భోంచేస్తుండగానే, మారువేషాల్లో వచ్చిన మనుషులు జైలు కాపలావాళ్ళను లొంగదీసి, ఊమైదొరనూ మిగతావాళ్ళనూ విడిపించుకుని చీకట్లో కలిసిపోయారు. తెల్లారేసరికి పాంచాలంకురిచ్చి చేరారు.

కంపెనీ సైన్యం అక్కడక్కడా ఉన్న పటాలాల్ని కయత్తారు దగ్గర కూడగట్టుకుని బయల్దేరింది. ఫిబ్రవరి 9న పాంచాలంకురిచ్చి చేరి చూస్తే దొరలకు నోట మాట రాలేదు. అంతకుముందు మొదలంటా నేలమట్టం చేసిన కోట మళ్ళీ లేచి నిలబడి ఉంది! మట్టిగోడ, బురుజులు, చుట్టూ ముళ్ళకంచె, గోడమీద జనం. వారం తిరక్కుండా కట్టేశారు. మా నల్లరేగడి మట్టి, గడ్డి, నీళ్ళు, వేలమంది చేతులు, అంతే. ఇంత దూరం వచ్చినా ఆ మూక మీద ఎగబడడానికి మెకాలేకి ధైర్యం చాలలేదు, వెనక్కి తిరిగాడు. పెద్ద ఫిరంగులు తెప్పించుకోవడానికి ఏడు వారాలు పట్టింది.

ఇక్కడే ఊమైదొరను కాస్త దగ్గరగా చూద్దాం. వెల్ష్ తన పుస్తకంలో ఎందరో రాజుల్ని, సేనాపతుల్ని వర్ణించాడు. పేరు పేరునా బొమ్మ కట్టినట్టు చెప్పిన కొద్దిమందిలో ఈ కుర్రాడొకడు. పొడుగ్గా, సన్నగా, రోగిష్టిలా కనిపించేవాడట. మాట లేదు, చెవుడు కూడా. కానీ అతను చేత్తో చేసే చిన్న సైగ అతని మనుషులకు వేదవాక్కు. ఏ సాహసం తలపెట్టినా అతనే ముందుండేవాడు. సైగలతో ఏం చెప్పగలడు, ఎలా చెప్పగలడు అంటారా? అదీ రాశాడు వెల్ష్. చిన్న చిన్న గడ్డిపరకలు తెచ్చి ఎడమ అరచేతిలో పేర్చేవాడట. అవి తెల్లసిపాయిలు. నోటితో వింత కూత పెడుతూ కుడిచేత్తో ఒక్క ఊడుపు ఊడ్చేవాడట. పరకలన్నీ ఎగిరి నేలమీద పడేవి. దాని అర్థం అక్కడున్న పిల్లవాడికి కూడా విడమరిచి చెప్పక్కర్లేదు.

మార్చి 31న ఫిరంగులు మోగాయి. గోడకు గండి పడింది. గండిలోకి దూకమని హుకుం. వెల్ష్ తోటివాళ్ళు గండి మీదికి ఎక్కగలిగారు కానీ లోపలికి ఒక్కడు కూడా దిగలేకపోయాడు. ఎక్కినవాడు ఎక్కినట్టే కూలిపోయాడు. ఎవరు కొడుతున్నారో కనబడదు, కింది నుంచి బల్లేల మొనలు మాత్రం పైకి వస్తున్నాయి. ఆ రోజు కంపెనీవాళ్ళు వందల్లో చచ్చి, గాయపడి, వెనక్కి తగ్గారు. రెండు నెలల తర్వాత కోట పట్టుబడ్డాక గానీ కిటుకు తెలియలేదు. బురుజుల్ని లోపల గుల్లగా తవ్వి, అందులో మనుషులు నిలబడి, పద్దెనిమిది ఇరవై అడుగుల పొడుగు బల్లేలతో పైకి పొడిచారు. గుండ్ల నుంచి తప్పించుకోవడానికి నేల కింద బొరియలు తవ్వుకుని ఉన్నారు. ఇంజనీర్లు లేరు, పుస్తకాలు లేవు. మట్టి పని తెలిసిన రైతుల బుర్ర అది. ఈ కిటుకును వెల్ష్ దాచకుండా, తాము మోసపోయిన తీరు ఒప్పుకుంటూ రాశాడు.

కర్నల్ అగ్న్యూ అనే కొత్త సేనాధిపతి, కొత్త పటాలాలు, ఇంకా పెద్ద ఫిరంగులు వచ్చాయి. మే 24న కోట పడిపోయింది. ఊమైదొర ఒళ్ళంతా గాయాలతో, కోట బయట శవాల మధ్య పడిపోయాడు. ఆ సాయంత్రం ఏం జరిగిందో వెల్షే చెప్పాడు.

దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి, కొందరు ఆడవాళ్ళతో కలిసి, కొడుకు కోసం శవాలు వెతుక్కుంటూ వచ్చింది. కొడుకు దొరికాడు. కొనవూపిరితో ఉన్నాడు. ఎత్తబోతే వాడు వద్దన్నాడు. నా పని అయిపోయింది, పక్కనే సామి ఉన్నాడు, ముందు అతన్ని బతికించండి అన్నాడు. ఆమె కొడుకును అక్కడే వదిలింది. ఊమైదొరను మోసుకుని ఇంటికి తీసుకుపోయారు. ఇంతలో కంపెనీ తరఫున ఎట్టయపురం మనుషులు ఇళ్ళు గాలిస్తూ వచ్చారు. ఆడవాళ్ళు అతని మీద తెల్లగుడ్డ కప్పి, చుట్టూ కూర్చుని శోకాలు మొదలుపెట్టారు. పిల్లాడికి అమ్మవారు పోసింది, ఇప్పుడే పోయాడు అన్నారు. అమ్మవారు అనేసరికి వచ్చినవాళ్ళు గుమ్మం తొక్కకుండా వెనక్కి తిరిగారు.

ఆ తల్లి పేరు వెల్ష్ రాయలేదు. అసలు అతనికి ఈ సంగతి ఎవరు చెప్పారో! ఆ ఇల్లు ఎక్కడిదో, ఆ కొడుకు ఎవరో, ఎవరి వంశంలో వాడో, మనవాళ్ళైనా రాసిపెట్టుకోలేదు. తమిళంలో కట్టబొమ్మన కథాగానాలున్నాయి, వీధిభాగవతాలున్నాయి. వాటిలో వీరత్వం నిండుగా ఉంది. కానీ ఒక సాయంత్రం ఒక గుమ్మంలో ఏం జరిగిందో ఇంత నిదానంగా చెప్పింది పక్కవాడే.

గాయాలు మానాక ఊమైదొర శివగంగ చేరాడు. మరుదు సోదరులు ఆశ్రయమిచ్చారు. దాంతో కంపెనీ గురి వాళ్ళ మీదికి తిరిగింది. 1801 జూన్ 16న మరుదు సోదరులు తిరుచ్చి కోట గోడ మీదా, శ్రీరంగం గుడి గోడ మీదా ఒక ప్రకటన అంటించారు. కులం మతం అడక్కుండా జంబూద్వీపంలో ఉన్నవాళ్ళందరినీ కంపెనీ మీద లేవమని పిలుపు అది. అప్పుడు వెల్ష్ ఉన్న సైన్యం శిరువయల్ మీదికి వచ్చింది. కాపలావాడు లేని ఇల్లున్న ఆ శిరువయల్ కాలి బూడిదైంది. అక్కడి నుంచి కాళైయార్‌కోవిల్ చేరడానికి నెలరోజులపాటు అడవి నరికి బాట వేశారు. పగలు నరకడం, సాయంత్రం పొదల్లోంచి వచ్చే గుండ్లు తినడం. చివరికి ఆ బాట వదిలేసి వేరే దారిన వచ్చి అక్టోబరు 1న కాళైయార్‌కోవిల్ పట్టారు.

చిన్న మరుదు తొడ ఎముక విరిగి పట్టుబడ్డాడు. 1801 అక్టోబరు 24న తిరుప్పత్తూరులో అన్నదమ్ములిద్దర్నీ, వాళ్ళ మనుషుల్నీ ఉరితీశారు. నవంబరు 16న ఊమైదొరను పాంచాలంకురిచ్చికే తీసుకొచ్చి, అతను కట్టిన కోట దగ్గరే ఉరితీశారు. తనకు వళరి నేర్పినవాణ్ణి అడవిమృగంలా తరమవలసి వచ్చిందని, విరిగిన కాలితో జైల్లో ఉండగా చూశానని, చివరికి ఉరికొయ్యకు వేలాడుతూ కూడా చూశానని వెల్ష్ తన చేత్తో రాసుకున్నాడు. ఎందుకలా జరిగిందంటే, యుద్ధం అలా నడిపించింది అన్నాడు. ఆ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

చిన్న మరుదు చిన్న కొడుకు దొరస్వామి. అప్పటికి పదిహేనేళ్ళ పిల్లాడు. ఉరి తప్పింది, దేశం దాటించే శిక్ష పడింది. సుమారు డెబ్బైమందితో కలిపి 1802 ఫిబ్రవరిలో తూత్తుకుడిలో ఓడ ఎక్కించి మలేయా పక్కనున్న పెనాంగ్ దీవికి పంపారు. ఓడ ఎక్కేదాకా ఆ ఖైదీల కాపలా చూసింది ఎవరనుకున్నారు? మన వెల్షే. పిల్లవాణ్ణి తన చేతనైనంత మెత్తగా చూశానని చెప్పుకున్నాడు.

ఆ తర్వాత పదహారేళ్ళు గడిచాయి. 1818లో వెల్ష్ ఏదో పని మీద పెనాంగ్ వెళ్ళాడు. ఒక నీరసపు ముసలివాడు వచ్చి ఎదుట నిలబడ్డాడు. ఎవరో తెలియలేదు. పేరు చెప్పాక గానీ పోల్చుకోలేకపోయాడు. దొరస్వామి! లెక్క వేసుకోండి, అప్పటికి అతనికి ముప్పై దాటి ఎన్నో ఏళ్ళు కాలేదు. దీవి అతన్ని ముసలివాణ్ణి చేసేసింది. గుండెలో కత్తి దిగినట్టయిందని వెల్ష్ రాశాడు. అబద్ధం కాదనే అనుకుంటాను. సన్నబియ్యం పంపినవాడి కొడుకు కదా.

ఈలోగా దొరగారి ఉద్యోగం మాత్రం ఆగలేదు. 1803లో ఆర్థర్ వెల్లెస్లీ వెంట మరాఠాల మీద యుద్ధానికి వెళ్ళాడు. తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్ ఆయనే. అహ్మద్‌నగర్, అర్గావ్, గావిల్‌గఢ్ అన్నీ చూశాడు. 1806లో వెల్లూరు సిపాయిలు తిరగబడ్డాక దొరలందరికీ నిద్ర పట్టడం మానేసింది. ఆ నవంబరులో పాళయంకోట్టైలో వెల్ష్ కూడా ఏదో కుట్ర జరుగుతోందని భయపడి, ముస్లిం సిపాయిల ఆయుధాలు లాక్కుని వాళ్ళను కోట బయటికి గెంటేశాడు. కుట్రకు సాక్ష్యం దొరకలేదు. సైనిక న్యాయస్థానం పిలిచి విచారించి, తప్పేం లేదని వదిలేసింది. 1809 ఫిబ్రవరిలో తిరువాంకూరు మీద యుద్ధం. కన్యాకుమారి దగ్గర అరాంబొళి కనుమ గోడల మీదికి రాత్రిపూట కొండెక్కి తన మనుషుల్ని దింపింది ఇతనే. దానితో వేలుతంపి దళవాయి ప్రతిఘటన కుప్పకూలింది.

1830లో లండన్‌లో రెండు సంపుటాల పుస్తకం అచ్చువేయించాడు. నలభై ఏళ్ళ కొలువులో రాసుకున్న దినచర్య నుంచి ఏరినది. అందులో తొంభైకి పైగా బొమ్మలు కూడా ఉన్నాయి, తను గీసినవాటి ఆధారంగా వేసినవి. కంపెనీ సైన్యంలో పెద్ద పదవికి పరాక్రమం కంటే ఆయుష్షు ముఖ్యం. పైవాళ్ళు పోతూ ఉంటే కిందివాళ్ళు ఎక్కుతూ ఉంటారు. వెల్ష్‌కు ఆయుష్షు గట్టిది. మేజర్ జనరల్, లెఫ్టినెంట్ జనరల్, ఆపైన జనరల్. 1861లో, ఎనభై అయిదేళ్ళ వయసులో పోయాడు. ఊమైదొర ఎంత బతికాడో, దొరస్వామి ఎలా బతికాడో ఇప్పుడే చెప్పుకున్నాం.

సరే, ఈ మనిషిని ఏమనుకోవాలి? నాకు తెలిసిన కొందరు తమిళ మిత్రులు వెల్ష్‌ను మంచి దొర అంటారు. మనవాళ్ళను పొగిడాడు కాబట్టి. ఇంకొందరు ఓడినవాణ్ణి పెద్దవాణ్ణి చేస్తే గెలిచినవాడు ఇంకా పెద్దవాడవుతాడు, అందుకే పొగిడాడంటారు. రెండో మాటలో నిజం ఉంది. కానీ గడ్డిపరకలు ఊడ్చిన చెయ్యి, తెల్లగుడ్డ కప్పిన ఆడవాళ్ళు, గుల్లగా తవ్విన బురుజులు ఇవన్నీ గొప్ప కోసం కల్పించేవి కావు. ఒక సైన్యాధికారి తన పక్షం ఎలా ఓడిందో ఇంత వివరంగా రాయడంలో అతనికేం లాభం? అందుకని సాక్షిగా అతన్ని నేను నమ్ముతాను.

మనిషిగా అయితే వేరే సంగతి. యుద్ధం అలా నడిపించింది అన్నాడని చెప్పానే, అక్కడే నాకు చిక్కు. యుద్ధం ఎవరినీ నడిపించదు. కిస్తు బాకీ కోసం ఒక కలెక్టరు నడిపిస్తాడు, ఒక మేజరు నడుస్తాడు. చిన్న మరుదును తరమమన్నప్పుడు తరిమాడు, దొరస్వామిని ఓడ ఎక్కించమన్నప్పుడు ఎక్కించాడు, పదహారేళ్ళ తర్వాత చూసి కుమిలిపోయాడు. ఆ మధ్యలో ఎక్కడా ఈ యుద్ధం ఎందుకని అడిగినట్టు కనబడదు. స్నేహం నిజమే, దుఃఖమూ నిజమే. రెండూ కలిసి ఒక్క హుకుంను కూడా ఆపలేదు. జనరల్ అయినవాడికి, జనరల్ కావలసినవాడికి, అలాంటి ప్రశ్న ఖరీదైనదే. నా తీర్పు ఇదీ: పుస్తకానికి రుణపడదాం, మనిషికి దండం పెట్టనక్కర్లేదు.

ఇంకో విషయం. 1881లో బిషప్ కాల్డ్‌వెల్ తిరునల్వేలి చరిత్ర రాస్తూ వెల్ష్ కథనాన్ని బోలెడంత ఎత్తి ఇచ్చాడు. ఆ తర్వాత నాటకాలవాళ్ళు, ఉపన్యాసకులు, పాఠ్యపుస్తకాలవాళ్ళు అందరూ ఆ నీళ్ళే తోడుకున్నారు. ఇప్పుడు మన పిల్లలు ఊమైదొర గురించి చెప్పే సంగతుల్లో సగం కంపెనీ దొర డైరీలోంచి వచ్చినవే. ఎట్టయపురం వైపు కథను ఎవరూ అంత శ్రద్ధగా రాయలేదు కాబట్టి, తమిళంలో ద్రోహి అనడానికి ఆ ఇంటి పేరు పెట్టి తిట్టడమే మిగిలింది. వాళ్ళ మాట కూడా వింటే బాగుండేది.

మీరు ఎప్పుడైనా ఇటు వస్తే మదురై నుంచి కన్యాకుమారి దాకా రైలెక్కి కూర్చోకండి. కోవిల్‌పట్టిలో దిగండి. బస్సెక్కి కయత్తారు విగ్రహం చూడండి. ఒట్టపిడారం మీదుగా పాంచాలంకురిచ్చి వెళ్ళండి. అక్కడ 1974లో ప్రభుత్వం కట్టించిన స్మారక కోట ఉంది, అసలు కోట పునాదులున్నాయి, ఆ యుద్ధంలో పోయిన ఇంగ్లీషువాళ్ళ సమాధులూ ఉన్నాయి. ఆ ఊళ్ళలో ఎవరింటి అరుగు మీదైనా కూర్చుని తెలుగులో పలకరించండి. జవాబు తెలుగులోనే వస్తుంది, యాస మాత్రం వేరు.

ఆ అరుగుల మీద ముసలివాళ్ళు చెప్పే కథలు ఇంకా ఉన్నాయి. వాళ్ళ మనవలు చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్నారు, తెలుగు వింటే అర్థమవుతుంది కానీ మాట్లాడటం తగ్గిపోయింది. మీ చేతిలో ఫోను ఉంది కదా, రికార్డు నొక్కండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ దగ్గరా అదే పని చెయ్యండి, పేర్లు, ఊళ్ళు, ఏళ్ళు అడిగి మరీ రాసుకోండి. 1801లో మనవాళ్ళకు కాగితం కలం పట్టే తీరిక లేదు, ఆ పని పక్కవాడు చేసిపెట్టాడు. ఈసారి మన కథ రాయడానికి ఏ వెల్షూ రాడు.